అగ్నిపర్వతమునకు రాడారు కావలి

అగ్నిపర్వతము బ్రద్దలైన పిమ్మట సాధనములకై వెదకుటకంటె, అది ప్రశాంతముగా నున్నప్పుడే దానిచెంత వాతావరణ రాడారును నిలుపుట మేలని నా యభిప్రాయము. వ్యయము వ్యర్థమని తలచువారికి రెండు సంగతులను విన్నవించుచున్నాను.

1982 జూన్ 24వ తేది రాత్రి, జావా ద్వీపమునకు దక్షిణముగా నొక పెద్ద విమానము 263 మందితో పోవుచుండెను. చోదకుల యెదుటనున్న రాడారులో మార్గము నిర్మలముగా గానవచ్చెను. కొలది నిమిషములలో నాలుగు ఇంజనులును ఆగిపోయెను. గాలుంగ్గుంగ్ అను అగ్నిపర్వతము గ్రక్కిన బూడిదలోనికి విమానము చొచ్చియుండెను. ఆ బూడిద మన పొయ్యిలోని బూడిద వంటిది కాదు. అది రాతిపొడియు గాజుపొడియు. ఇంజను వేడికి గరగి, లోపలి రెక్కలపై బేరుకొని, గాలిదారిని మూసివైచును. విమానము చాల క్రిందికి దిగిన మీదట ఇంజనులు మరల తిరుగసాగగా, అందరును జకార్తాలో క్షేమముగా దిగిరి.

వాతావరణ రాడారు రేడియో తరంగములను బంపి, వానచినుకులను దాకి మరలివచ్చువానిని గ్రహించును. సన్నని పొడిబూడిద మరలించునది మిక్కిలి స్వల్పము. దూరమునకు గొట్టుకొనిపోయిన అట్టి మేఘమును గనిపెట్టుట ఉపగ్రహముల పని. కాని బిలమునుండి లేచు స్తంభములో ముతక కణములు దట్టముగా నుండును. నేలమీది రాడారు చీకటిలోను, మబ్బులోను గూడ దానిని గాంచి, కొలది నిమిషములకొకమారు దాని యెత్తును దెలుపగలదు. ఆ యెత్తునుబట్టియే ఎంత పదార్థము వెడలుచున్నదో శాస్త్రజ్ఞులు అంచనా వేయుదురు. ఎత్తు రెండింతలైనచో పదార్థము సుమారు 16 రెట్లగును. కావున ఎత్తులోని చిన్న పొరపాటు బూడిద లెక్కలో బెద్ద పొరపాటగును.

ఇక రెండవ సంగతి. 2010 ఏప్రిల్ 14న ఐస్లాండులోని ఎయాఫ్యాట్లాయోకుల్ పర్వతము బూడిద గ్రక్కినప్పుడు, ఆ దేశమున వాతావరణ రాడారు ఒక్కటియే యుండెను. కెఫ్లావిక్‌లోని ఆ రాడారు పర్వతమునకు సుమారు 155 కిలోమీటర్ల దూరమున నుండెను. భూమి గుండ్రమగుటచే నంత దూరమున రాడారు కిరణము నేలను విడిచి పైగా బోవును. తక్కువ యెత్తుననున్న బూడిద దానికి గోచరింపదు. ఐరోపా గగనమార్గములలో జాలభాగము సుమారు ఆరు దినములు మూతబడెను. సుమారు లక్ష విమానప్రయాణములు రద్దయ్యెను. రాడారు కొరతయే దీనికి గారణమని నేననను; ఎంత బూడిదలో విమానము పోవచ్చునో తెలుపు నియమము అప్పటికి స్థిరపడలేదు. అయినను కొలత చాలనిచోట నిర్ణయము కష్టమగును గదా! మరుసటి యేట గ్రిమ్స్‌వోట్న్ బ్రద్దలైనప్పుడు ఇటలీనుండి అరువు దెచ్చిన సంచార రాడారు తోడ్పడెను. పిమ్మట ఐస్లాండు తన తూర్పుభాగమున మరియొక స్థిర రాడారును నెలకొల్పినది.

ఏండ్ల తరబడి పర్వతము మిన్నకుండగా నీ వ్యయమేల యని కొందరందురు. వానలు లేని నెలలలో చెరువుగట్టును జూచుకొనుట మానవచ్చునని ఏ గ్రామము తలచును? మరియు ఆ రాడారు ఊరకుండదు. తక్కిన దినములలో వానను, మంచును దెలుపుచునే యుండును.

విద్యార్థులారా, ఏ సాధనమును జేతబట్టినను, అది చూపుదానినేగాక చూపజాలనిదానిని గూడ విచారింపుడు. జావా రాత్రియందు విమానములోని రాడారు అబద్ధమాడలేదు. ఎదుట వాన లేదని మాత్రమే చెప్పెను. బూడిద లేదని చెప్పలేదు.