శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ జాబ్: ‘ఏ కంపెనీ సార్?’.. ఇంటర్వ్యూకు ముందే అడగాల్సిన ప్రశ్న ఇది

“హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ స్టాఫ్ కావలెను. ఇంటర్, డిగ్రీ. ఫ్రెషర్స్ ఓకే. ఫుడ్, రూమ్ ఫ్రీ. వెంటనే జాయినింగ్.” ఇలాంటి మెసేజ్ ఒక్కటైనా రాని వాట్సాప్ గ్రూప్ శంషాబాద్, షాద్‌నగర్, రాజేంద్రనగర్ వైపు దొరకడం కష్టం. పోస్టు ఉంది, అర్హత ఉంది, ఫోన్ నంబర్ కూడా ఉంటుంది. చాలాసార్లు లేనిది ఒక్కటే.. కంపెనీ పేరు.

ఇంటర్వ్యూకి షర్ట్ ఇస్త్రీ చేసుకోవడం, ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ బట్టీ పట్టడం తర్వాత సంగతి. మీకు ఉద్యోగం ఇచ్చేది ఎవరో ముందు తెలియాలి. ఎందుకంటే ‘ఎయిర్‌పోర్ట్ జాబ్’ అనేది ఒకే ఉద్యోగం కాదు. దానికి ఒకే యజమాని కూడా ఉండడు.

ఒకే ఎయిర్‌పోర్ట్.. ఎంతమంది యజమానులు?

2008 మార్చిలో బేగంపేట నుంచి ప్యాసింజర్ విమానాలు శంషాబాద్‌కు మారాయి. ఇక్కడి రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయాన్ని నడిపేది జీఎంఆర్ హైదరాబాద్ ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్ట్ లిమిటెడ్. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ మాత్రం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా చేతిలో ఉంటుంది. సెక్యూరిటీ సీఐఎస్ఎఫ్‌ది. ఇమిగ్రేషన్, కస్టమ్స్ కేంద్ర ప్రభుత్వ విభాగాలు. చెక్-ఇన్ కౌంటర్, బ్యాగుల లోడింగ్ పనులు ఎయిర్‌లైన్స్ లేదా గ్రౌండ్ హ్యాండ్లింగ్ ఏజెన్సీలు చూసుకుంటాయి. హౌస్‌కీపింగ్, ట్రాలీలు, పార్కింగ్, ఫుడ్ కోర్టు, షాపులు.. వీటిలో చాలావరకు కాంట్రాక్టర్లు, ప్రైవేటు సంస్థల సిబ్బందే.

ఈ లెక్క తెలిస్తే సగం మోసాలు అక్కడే ఆగిపోతాయి. ‘సీఐఎస్ఎఫ్ కానిస్టేబుల్ పోస్టు, ఇంటర్వ్యూ ఒక్కటే’ అని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు. ఆ నియామకాలు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్ష ద్వారా జరుగుతాయి. ‘శంషాబాద్‌లో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ లోడర్ పోస్టు’ అన్నా ఆగి ఆలోచించాల్సిందే. ఇక్కడ టెర్మినల్ నడిపేదే ఆ సంస్థ కాదు కదా!

పాస్ పేరుతో డబ్బులు అడిగితే?

“సెలెక్ట్ అయ్యావు తమ్ముడూ, ఎయిర్‌పోర్ట్ పాస్ కోసం డబ్బు పంపు” అనేది ఎక్కువగా వినిపించే మాట. పాస్ నిజంగానే ఉంటుంది. దాని పేరు ఎయిర్‌పోర్ట్ ఎంట్రీ పాస్. అయితే ఇది బ్యూరో ఆఫ్ సివిల్ ఏవియేషన్ సెక్యూరిటీ, అంటే బీసీఏఎస్ పరిధిలోని వ్యవహారం. మీ తరఫున దరఖాస్తు చేయాల్సింది మీ కంపెనీ. పోలీస్ వెరిఫికేషన్ జరుగుతుంది. సెక్యూరిటీ అవేర్‌నెస్ ట్రైనింగ్ కూడా ఉంటుంది. మధ్యలో ఉన్న వ్యక్తి ఫోన్‌పే నంబర్‌కు డబ్బు కొడితే వచ్చే కాగితం కాదది. ‘ఈరోజు ఇంటర్వ్యూ, రేపు టెర్మినల్ లోపల డ్యూటీ’ అనే మాట కూడా అందుకే అనుమానించాల్సిందే.

మరి డబ్బు అడిగితే ప్రతిదీ మోసమేనా? కాదు. ఇక్కడే చాలామంది తికమకపడతారు. ప్రభుత్వ రంగంలోని ఏఐ ఎయిర్‌పోర్ట్ సర్వీసెస్ లిమిటెడ్ తన వాక్-ఇన్ నోటిఫికేషన్లలో 500 రూపాయల దరఖాస్తు ఫీజు అడిగింది. ఎస్సీ, ఎస్టీ, మాజీ సైనికులకు మినహాయింపు ఇచ్చింది. కానీ ఆ ఫీజు సంస్థ పేరు మీద డిమాండ్ డ్రాఫ్ట్‌గా కట్టాలి, ఆ విషయం సంస్థ వెబ్‌సైట్‌లోని నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. తేడా ఇదే. డబ్బు సంస్థ పేరుకు వెళ్తోందా, మనిషి పేరుకు వెళ్తోందా అన్నది చూడాలి.

ఇదే సంస్థ 2024 జులైలో ముంబయిలో వాక్-ఇన్ పెడితే వేల మంది తరలివచ్చారు. తోపులాట దృశ్యాలు దేశమంతా చూసింది. అంత పోటీ ఉన్నచోట ‘సీటు రిజర్వ్ చేయిస్తా’ అనేవాళ్లు పుట్టుకు రావడంలో వింతేముంది?

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?

కంపెనీ ఏదో తెలిస్తే ప్రిపరేషన్ కూడా తేలికవుతుంది. లోడింగ్ పనికి వెళ్లేవాళ్లను శారీరక సామర్థ్యం చూస్తారు. వాహనం నడిపే పోస్టుకు లైసెన్స్ అడుగుతారు. కౌంటర్ ఉద్యోగమైతే మాట తీరు చూస్తారు.

దాదాపు అన్నింటికీ కామన్ ప్రశ్న ఒకటుంది: “నైట్ షిఫ్టుకు ఎలా వస్తావు?” ‘ఎలాగోలా వస్తా సార్’ అంటే సరిపోదు. మెహదీపట్నం నుంచి వచ్చేవాళ్లు, కొత్తూరు నుంచి వచ్చేవాళ్లు తమ దారి ముందే చూసుకోవాలి. పుష్పక్ బస్సు మీ ఏరియా మీదుగా వెళ్తుందా, తెల్లవారుజామున మొదటి బస్సు ఎన్నింటికి, బైక్ ఉందా, కంపెనీ క్యాబ్ ఇస్తుందా.. ఇవన్నీ తెలుసుకుని వెళ్తే జవాబులో నమ్మకం కనిపిస్తుంది.

రెండో రకం ప్రశ్న: “విమానం రద్దయింది. ప్యాసింజర్ అరుస్తున్నాడు. ఏం చేస్తావు?” ఇది ఊహించి అడిగేది కాదు. 2025 డిసెంబర్ మొదట్లో ఇండిగో విమానాలు దేశవ్యాప్తంగా వేల సంఖ్యలో రద్దయ్యాయి. పైలట్ల విశ్రాంతి నిబంధనలు మారితే దానికి తగ్గట్టు ఆ సంస్థ సిబ్బందిని సర్దుబాటు చేసుకోలేకపోయింది. శంషాబాద్‌లోనూ ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. ఆ కోపమంతా చూసింది కౌంటర్‌లో నిలబడ్డ కుర్రాళ్లు, అమ్మాయిలే. కాబట్టి ‘కూల్‌గా ఉంటాను’ అని ఆపేయొద్దు. ముందు పూర్తిగా వింటాను, తెలిసిన సమాచారమే చెబుతాను, రిఫండ్ లేదా వేరే విమానం ఆప్షన్ వివరిస్తాను, నా చేతిలో లేకపోతే సూపర్‌వైజర్‌ను పిలుస్తాను.. ఇలా వరుసగా చెప్పండి.

ఇంగ్లిష్ భయం చాలామందికి ఉంటుంది. కానీ ఈ ఎయిర్‌పోర్ట్ నుంచి జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు ఎంతోమంది. వాళ్లలో కొందరికి తొలి విమాన ప్రయాణం. వాళ్లతో తెలుగులో, ఉర్దూలో ఓపిగ్గా మాట్లాడగలగడం కూడా నైపుణ్యమే. ఆ సంగతి మీరే ఇంటర్వ్యూలో చెప్పండి. దాంతోపాటు పీఎన్ఆర్ అక్షరాలు చెప్పడానికి వాడే ఆల్ఫా, బ్రావో, చార్లీ పద్ధతి, పెద్ద నగరాల ఎయిర్‌పోర్ట్ కోడ్‌లు ఒక పూట కూర్చుంటే వచ్చేస్తాయి.

మెసేజ్ ఎలా రాయాలి?

‘హాయ్ సర్, జాబ్ ఉందా’ అని పంపితే రిప్లై రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. పోస్టు పేరు, చదువు, ఉండే చోటు, భాషలు, షిఫ్టు.. ఈ ఐదూ ఉంటే చాలు.

“నమస్తే సర్. కస్టమర్ సర్వీస్ పోస్టుకు అప్లై చేస్తున్నాను. బీకామ్ పూర్తయింది. శంషాబాద్‌లో ఉంటాను. తెలుగు, హిందీ బాగా వచ్చు, ఇంగ్లిష్ మాట్లాడగలను. అన్ని షిఫ్టులకూ రాగలను. రెజ్యూమె జత చేశాను. ఇంటర్వ్యూ తేదీ, స్థలం తెలియజేయగలరు.”

దీన్నే చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో మెయిల్ చేసినా సరిపోతుంది. కన్సల్టెన్సీ నుంచి కాల్ వస్తే, మాట్లాడాక ఇంకో మెసేజ్ పెట్టండి:

“సర్, మూడు వివరాలు కావాలి. అపాయింట్‌మెంట్ లెటర్ ఏ కంపెనీ పేరుతో వస్తుంది? ఇంటర్వ్యూ ఎవరి ఆఫీసులో? ఫీజు ఏమైనా ఉంటే ఎవరి పేరుకు కట్టాలి, రసీదు ఇస్తారా?”

నిజమైన వాళ్లు జవాబిస్తారు. ‘నమ్మకం లేకపోతే వదిలెయ్’ అని విసుక్కుంటే అదీ జవాబే. ఆధార్ కాపీ పంపాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ పంపండి. ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పొద్దు.

సెలెక్ట్ అయ్యాక ఇంకా ముఖ్యం

2025 మే 15న బీసీఏఎస్, టర్కీకి చెందిన సెలెబీ సంస్థ సెక్యూరిటీ క్లియరెన్స్‌ను రద్దు చేసింది. హైదరాబాద్ సహా 9 ఎయిర్‌పోర్టుల్లో పనిచేస్తున్న గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీ అది. ఎయిర్‌పోర్ట్ అక్కడే ఉంది, విమానాలూ తిరిగాయి. కంపెనీ మాత్రం ఒక్క ఆదేశంతో బయటకు వెళ్లాల్సి వచ్చింది. అలాంటి రోజున ఉద్యోగి చేతిలో మిగిలేవి కాగితాలే.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ఉద్యోగికి అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం తప్పనిసరి. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు పడాలి. కాంట్రాక్ట్ వర్కర్ అడిగితే కాంట్రాక్టర్ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇవ్వాలి. కాబట్టి లెటర్ అడగడం అమర్యాద కాదు. అందులో కంపెనీ పేరు, పోస్టు, జీతం, పీఎఫ్ వివరాలు చూసుకోండి. జాయిన్ అయ్యాక యూఏఎన్ నంబర్ తీసుకుని పీఎఫ్ జమవుతోందో లేదో మీరే చెక్ చేసుకోండి.

శంషాబాద్‌లో అవకాశాలు లేవని కాదు. 2025 నవంబర్‌లోనే జీఎంఆర్ ఏరోస్పేస్ పార్కులో సఫ్రాన్ సంస్థ విమాన ఇంజన్ల సర్వీసింగ్ కేంద్రం ప్రారంభమైంది. పూర్తి స్థాయికి చేరితే వెయ్యి మందికి పైగా టెక్నీషియన్లు, ఇంజనీర్లు పనిచేస్తారని ప్రకటించారు. ఉద్యోగాలు పెరిగేకొద్దీ వాటి పేరుతో తిరిగే మెసేజ్‌లూ పెరుగుతాయి.

ఇప్పటికే డబ్బు కట్టి మోసపోయినవాళ్లు సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే 1930 నంబర్‌కు కాల్ చేయండి. చాట్ డిలీట్ చేయకుండా స్క్రీన్‌షాట్లు, పేమెంట్ వివరాలు దగ్గర పెట్టుకుని పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. కొత్త మెసేజ్ వచ్చినవాళ్లు మాత్రం రెజ్యూమె పంపే ముందు ఒక్క లైన్ టైప్ చేయండి: ఏ కంపెనీ సార్?