తొలి దూరప్రయాణము

కోనసీమలో క్రొత్త మోటారు సైకిలు కొన్నవారిలో పెక్కుమంది మొట్టమొదట దానిని నడిపించుకొని పోవునది ఐనవిల్లి సిద్ధివినాయకుని సన్నిధికి. అచ్చట బండికి పసుపుకుంకుమలు పెట్టి, పూలదండ వేసి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి, కొబ్బరికాయ కొట్టి, విఘ్నములు తొలగుగాక యని వేడుకొనుట ఈ సీమవారి ఆచారము. ఏ కార్యమునకైనను ఆదియందు విఘ్నేశ్వరుని తలచుట మన పెద్దలు నేర్పిన మర్యాద. దానిని మేము ఆక్షేపింపము. కాని పూజ ముగిసిన మరునాడే, దండలోని పూలు వాడకమునుపే, తలపై శిరస్త్రాణము లేక, బండి నడుపుట చక్కగా అలవడక, మిత్రునొకని వెనుక నెక్కించుకొని మారేడుమిల్లి కొండలకు పయనమగు యువకుని గూర్చి నాలుగు మాటలు చెప్పుట మా విధియని తలంచుచున్నాము.

ఇవి ఉబుసుపోకకు చెప్పు మాటలు కావు. 2022వ సంవత్సరమున మనదేశమునందలి రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్ర రవాణాశాఖవారి నివేదిక తెలుపుచున్నది. అందు నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములపై పోవువారు. శిరస్త్రాణము ధరింపక మరణించినవారే 50,029 మంది. 2011 జనాభా లెక్కలనాటి అమలాపురము పట్టణ జనసంఖ్యకు ఇది ఇంచుమించు సమానము. ఒక పట్టణమునకు పట్టణమే ఒక్క ఏట తుడిచిపెట్టుకొని పోయినచో దేశమంతయు దుఃఖించును. వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు దినములలో, ఒక్కొక్కరుగా పోవుటచేత ఆ దుఃఖము ఆయా యిండ్ల గడప దాటుటలేదు. వారిలో 14 వేలమందికి పైగా నడుపువారు కారు, వెనుక కూర్చున్నవారు. వారు తమ ప్రాణములను పరుల చేతులలో పెట్టినవారని నడుపువాడు మరువరాదు.

మన సీమయందు బండి నేర్చినవానికి ఒక చిక్కు కలదు. కోనసీమ సమతలమైన భూమి. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఈ డెల్టా అంతటను కాలువలు వ్యాపించినవి. ఆ కాలువగట్లపైననే మన బాటలు పెక్కు సాగుచున్నవి. ఇచ్చట నేర్చినవాడు ఇరుకు గట్టుపై ఎదురువచ్చు కొబ్బరికాయల లారీకి ఒత్తిగిలి పోవుట నెరుగును. కళ్లములు చాలక రైతులు రోడ్డుపై ఆరబోసిన ధాన్యము ప్రక్కనుండి మెల్లగా జారుకొనుట నెరుగును. కాని కొండయెక్కుట యెరుగడు. దిగుట అసలే యెరుగడు. ఐనవిల్లినుండి కొత్తపేట మీదుగా రావులపాలెము చేరగనే జాతీయరహదారి. అచ్చట గౌతమి వంతెనపై అడ్డముగా వీచు గాలి. ప్రక్కనుండి పోవు భారవాహనముల విసురు. రాజమహేంద్రవరము దాటి గోకవరము, రంపచోడవరము మీదుగా పోగా అడవి; ఆపై మలుపులు. పోకరాకలు కలిసి ఇంచుమించు మూడువందల కిలోమీటర్లు. సంతకు పోయివచ్చిన అలవాటు ఇంతదూరమునకు చాలదు.

కావున తొలుత సిద్ధపడవలసినవాడు మనుష్యుడు, పిమ్మట యంత్రము. చట్టము ప్రకారము అభ్యాసపు లైసెన్సు పొందిన 30 దినములకు గాని పూర్తి లైసెన్సు పరీక్షకు పోరాదు. ఈ గడువును దళారులను ఆశ్రయించి కాగితముమీద గడపువారు తమ్ము తామే మోసగించుకొనుచున్నారు. ఆ దినములలో నిర్జనమైన మైదానమున రెండు బ్రేకులను కలిపి, కుదుపులేక, నొక్కుట నేర్వవలయును. బండి నాపు బలములో హెచ్చుభాగము ముందుచక్రమునదే. వెనుక బ్రేకుతోనే కాలము గడపువాడు ఆపదవేళ ఆగలేడు. 2019 ఏప్రిలు మొదలు 125 సి.సి. మించిన క్రొత్త బండ్లకు చక్రము బిగుసుకొని జారకుండ కాపాడు బ్రేకుల యేర్పాటు విధిగా నున్నది. అది మేలైనదే, కాని వరిగింజలపైనను, ఇసుకపైనను, తడి ఆకులపైనను టైరుకు పట్టు లేనప్పుడు ఏ యేర్పాటును బండిని నిలుపజాలదు. వేగమును మలుపులోనికి పోకమునుపే తగ్గింపవలయును. పోవలసిన దిక్కునకు చూపు నిలుపవలయును. దిగుడు బాటలో తక్కువ గేరునందుంచి ఇంజను పట్టుతో దిగవలయును. పెట్రోలు మిగులునని గేరు తప్పించి జారవిడుచువాడు బ్రేకులను వేడెక్కించి, అవి మిక్కిలి అవసరమైన చోటనే వానిని చేజార్చుకొనును.

అభ్యాసమునకు మెట్లు కలవు. మొదట అమలాపురము, తరువాత ఒకనాడు అంతర్వేది, మరియొకనాడు రాజమహేంద్రవరము పోయి సాయంకాలమునకు తిరిగివచ్చుట. ఇవి ఒంటరిగా ఒకసారి, వెనుక మనిషితో ఒకసారి పోవలయును. బరువు పెరిగినకొలది బండి ఆగు దూరము, తిరుగు తీరు మారును. ఈ మెట్లన్నియు ఎక్కినవానికే కొండబాట. వానకాలమున తొలిపయనము వలదని మా సలహా.

యంత్రము మాట. క్రొత్తబండికి తయారీదారులు విధించిన తొలి సర్వీసు జరుగకమునుపు దూరము పోరాదు. బయలుదేరు ఉదయమున, టైర్లు చల్లగా నున్నప్పుడే, పుస్తకమున చెప్పినంత గాలి యున్నదో లేదో కొలిపింపవలయును. వెనుక మనిషి యున్న కొలత వేరు. గొలుసు వదులును, దానికి పూసిన నూనెను, ఇంజను నూనెను, బ్రేకు బిళ్లలను, ముందువెనుక దీపములను, హారనును చూచుకొనవలయును. సామానును క్రిందుగా, గట్టిగా కట్టవలయును. హాండిలుకు సంచులు వ్రేలాడదీయరాదు. బీమా గడువు దాటలేదుగదా యని ఒకమారు చదువుకొనుటయు పనికివచ్చును.

శరీరమును యంత్రమువంటిదే, దానికిని విశ్రాంతి కావలెను. ముందురాత్రి నిండుగా నిద్రింపక తెల్లవారుజామున బయలుదేరుట శౌర్యము కాదు. గంటన్నరకొకమారు దిగి నీరు త్రాగవలయును. పొద్దుగ్రుంకకమునుపే అడవి దాటవలయును. కాలికి చెప్పులుగాక మూసిన బూట్లు, ఒంటికి నిండుచేతుల దట్టపు చొక్కా, చేతులకు తొడుగులు ఉండవలయును. త్రోవను, బసను ఇంటివారికి చెప్పి పోవలయును. కొండలలో ఫోను పలుకని తావులు కలవు. 108 అను అంకె అందరికిని తెలిసినదే. క్షతగాత్రుని ఆసుపత్రికి చేర్చినవానిని కేసులలో చిక్కించి బాధింపరాదని 2019 చట్టసవరణ రక్షణ కల్పించినదన్న మాట మాత్రము కొందరికే తెలియును.

తల్లిదండ్రులతోను ఒక మాట. మైనరుచేతికి బండి యిచ్చి ప్రమాదము జరిగినచో సంరక్షకునికి మూడేండ్లవరకు కారాగారమును, 25 వేల రూపాయల జరిమానాయు చట్టము విధించుచున్నది. కాని మేము చెప్పునది శిక్షాభయము కాదు. లక్షరూపాయలు పోసి బండి కొనియిచ్చు తండ్రి, ఐ.ఎస్.ఐ. ముద్రగల శిరస్త్రాణములు రెండు కొనుటకు బేరమాడుట మాకు వింతగా నున్నది. గడ్డము క్రింద కట్టు బిగింపనిచో అదియు అలంకారమే.

ప్రభుత్వమువారి బాధ్యతయు తక్కువది కాదు. కాలువగట్లమీది మలుపులలో రక్షణగోడలు లేక బండ్లు నీటబడుట మన సీమకు క్రొత్తగాదు. గట్లకు గోడలు, మలుపులకు గుర్తులు, రైతులకు ధాన్యమారబెట్టుకొను కళ్లములు కల్పింపక, నడుపువానినే నిందించుట న్యాయము కాదు. రైతు రోడ్డెక్కుట సరదాకు కాదు. మరియొక చోటు లేక.

ఇంత సంసిద్ధత యేల, దైవము కాపాడడా యని కొందరనవచ్చును. వారికి ఐనవిల్లియే సమాధానము చెప్పుచున్నది. పరీక్షలకు ముందు ఆ స్వామి సన్నిధిని పూజించిన కలములను విద్యార్థులకు పంచిపెట్టుట కలదు. పిల్లలు వానిని కన్నులకద్దుకొని తీసికొందురు. అయినను కలము దొరికినదిగదా, ఇక చదువక్కరలేదని యే తండ్రియు కుమారునితో చెప్పడు. కలమునకు వర్తించిన న్యాయము బండికి వర్తింపకపోవుటకు కారణము మాకు కనబడుటలేదు. యువకులు కొండలు చూడవలయును, దేశము చూడవలయును. ఇంటిపట్టున కూర్చుండుడని మేము చెప్పము. నేర్చి పోవలయును. పోయి, ఏ ముంగిటనుండి బయలుదేరిరో ఆ ముంగిటికే తిరిగిరావలయును. క్రొత్తబండికి చేయదగిన పూజలలో అన్నిటికంటె పెద్దపూజ అదియే.