బిరుదు ముందు విశేషణం

వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాణ్ణి గనుక ఏ మాట కనబడినా నా దృష్టి ముందుగా విశేషణం మీదికే పోతుంది. పత్రికలలో "మహిళా గ్రాండ్‌మాస్టర్" అని చదివి, గ్రాండ్‌మాస్టర్లలో స్త్రీ కాబోలునని చాలాకాలం పొరబడ్డాను. మహిళా కవి కవియే, మహిళా వైద్యురాలు వైద్యురాలే. మహిళా గ్రాండ్‌మాస్టర్ మాత్రం గ్రాండ్‌మాస్టర్ కాదు! అసలు బిరుదుకు 2500 రేటింగు చేరాలి. దీనికి 2300 చాలు. నడుమ 2400 వద్ద ఇంటర్నేషనల్ మాస్టర్ ఉండనే ఉన్నది. విశేషణం విశేష్యాన్ని ఇంత కిందికి లాగడం నేను మరెక్కడా చూడలేదు.

అసలు బిరుదుకు స్త్రీపురుష భేదం లేదు. 1988లో విశ్వనాథన్ ఆనంద్ మన దేశంలో దానిని మొదట పొందాడు. 2025 జూలైలో దివ్యా దేశ్‌ముఖ్ 88వ వ్యక్తి అయినది. ఆ ఎనభై ఎనిమిది మందిలో స్త్రీలు నలుగురు. 2002లో పదిహేనేళ్ళ కోనేరు హంపి, 2011లో ద్రోణవల్లి హారిక, ఆపై పన్నెండేళ్ళ శూన్యం, 2023 చివర అర్హత సాధించిన వైశాలి, పిదప దివ్య. మొదటి ఇద్దరూ మన కృష్ణా, గుంటూరు సీమల బిడ్డలని నేనూ మురిసినవాణ్ణే. ఆ మురిపెంలో తక్కిన ఎనభై నలుగురూ పురుషులన్న సంగతి మరచిపోతాము.

బుద్ధిబలంలోనే తేడా ఉన్నదనే పెద్దలున్నారు. వందమంది బాలురూ పదిమంది బాలికలూ బల్ల ముందు కూర్చున్నచోట శిఖరం మీద సమసంఖ్య ఎక్కడినుండి వస్తుంది? కూర్చోవడానికే కలహించవలసి వచ్చిన రోజులున్నాయి. 1976లో రోహిణీ ఖాడిల్కర్ పురుషుల జాతీయ పోటీలో ఆడితే వివాదం న్యాయస్థానం దాకా పోయింది. స్త్రీలను అడ్డగించరాదని ప్రపంచ సమాఖ్య అధ్యక్షుడు మాక్స్ యూవే తేల్చవలసి వచ్చింది.

అయినా ప్రత్యేక బిరుదును ఎత్తివేయమనను. దానివల్ల కొందరు ఆడపిల్లలు మధ్యలో మానుకోకుండా ఆటలో నిలుస్తారు, నాలుగు రూపాయలూ చూస్తారు. పేరు మాత్రం మార్చాలి. వేరే మెట్టుకు వేరే పేరు పెట్టడానికి భాషలో మాటలకు కరవా?

ఇంత చెప్పే నేను చేసిన నిర్వాకం ఒకటున్నది. ఒక యేడు బడిలో వార్షికోత్సవ పోటీల పట్టిక వ్రాసే పని నాకప్పగించారు. ఏడవ తరగతి పిల్ల ఒకతె మధ్యాహ్నపు విరామాలలో పదవ తరగతి కుర్రవాళ్ళ రాజును కట్టేస్తూ ఉండేది. చదరంగం వరుసలో బాలురు నిండారు కదా అని ఆమె పేరు ముగ్గుల పోటీలో వ్రాశాను. ఆ పిల్ల పట్టిక చదువుకొని, "మాస్టారూ, నాకు ముగ్గులు రావండీ" అన్నది. నేర్చుకోమన్నాను.

2025లో బటూమిలో ప్రపంచకప్పు తుదిపోరు హంపికీ దివ్యకూ మధ్య జరిగినప్పుడు, ఇంట్లో అందరూ ఎవరు గెలుస్తారని వాదించుకుంటున్నారు. నాకు మాత్రం నా దస్తూరీతో ఉన్న ఆ పట్టికే కనబడింది.