మేలుకొలుపులు

మనవాళ్లు దేవుణ్ణి లేపడానికి పాటలు కట్టారు గాని, పిల్లల్ని లేపడానికి కేకలే చాలుననుకున్నారు కాబోలు. భద్రాచలంలో రాములవారికి తెల్లవారుజామున సుప్రభాత సేవ జరుగుతుంది. అదే అడవికి ఈ అంచున ఉన్న మా ఏన్కూరులో కాస్త పొద్దెక్కాక ఇంటింటా మరో సేవ వినిపిస్తుంది: "లే! ఇంకా ఎంతసేపు? బస్సు పోతుంది!"

చిత్రమేమంటే, ఊరూరా మైకుల్లో మోగే వేంకటేశ్వర సుప్రభాతంలోని మొదటి శ్లోకం పుట్టింది ఓ కుర్రవాణ్ణి లేపడానికే. వాల్మీకి రామాయణం బాలకాండలో, సరయూ తీరాన గడ్డి పరుపు మీద పడుకున్న రాముణ్ణి విశ్వామిత్రుడు లేపుతాడు. రాముడికి అప్పటికి పదహారేళ్లయినా నిండలేదు. లేపేవాడా, కోపానికి మారుపేరైన ఋషి. పైగా యజ్ఞం పని తొందర. అయినా ఆయన ముందు ఆ పిల్లవాడి తల్లిని తలచుకున్నాడు, తెల్లవారుతున్నదన్నాడు, ఆ తర్వాతే చేయవలసిన పని గుర్తు చేశాడు.

మా అమ్మాయికి నాలుగేళ్లు. దాని దగ్గర విశ్వామిత్రుడి పద్ధతి సోమవారం పనిచేస్తే మంగళవారం పనిచేయదు. ఒకనాడు పళ్లపొడి పులి అవుతుంది, మరునాడు ఆ పులికే భయపడి నోరు తెరవదు. నిన్న జడ వేయించుకోవడానికి కోతి కథ కావలసివచ్చింది. ఇవాళ కోతికే జడ వేయమంటుంది. "ఆలస్యం అమృతం విషం" అన్న మహానుభావుడి ఇంట్లో నాలుగేళ్ల పిల్ల ఉండి ఉండదు సుమా!

అలాగని ఇది వట్టి అల్లరి కాదు. ఆ వయసులో "ఇంకో అరగంట" అంటే అర్థం కాదు. "పాలు తాగాక", "స్నానమయ్యాక" అంటే అర్థమవుతుంది. పిల్లలకు కాలం గడియారంలో ఉండదు, పనుల వరసలో ఉంటుంది. అంచేత వరస మార్చకుండా, లోపలి కథలు ఎన్నైనా మార్చుకోవచ్చు. స్వరకల్పన చేసే విద్వాంసుడు రోజుకో తీరున పాడినా తాళం తప్పడు గదా! ఇంకొకటి: మూడు నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. రాత్రి పదింటిదాకా టీవీ ముందు కూర్చోబెట్టి, పొద్దున్నే ఆరింటికి లేవలేదని పిల్లను కసిరితే, తప్పెవరిది?

అయితే, ఈ కథలూ కోతులూ పొద్దున్నే ఇంట్లో పెద్దవాళ్లున్న కుటుంబాల సంగతి. జనవరి నుంచి మార్చిదాకా మిరప కోతలు. పొద్దు పొడవకముందే ఆటోలు వస్తాయి; సద్ది కట్టుకుని తల్లులు తోటలకు వెళ్లిపోతారు. ఆ వెనకే ఇప్పపూల కాలం. ఇప్పపువ్వు తెల్లవారుజామునే రాలుతుంది, పశువులు తినకముందే ఏరుకోవాలి. అడవి పల్లెల్లో పసివాళ్లు నిద్రకళ్లతోనే తల్లి వెంట చెట్టు కిందికి చేరతారు. అక్కడ గడియారం ఆ చెట్టే.

వెంట వెళ్లని బిడ్డను లేపేదెవరు? నానమ్మ ఉంటే నానమ్మ. లేకుంటే ఎనిమిదేళ్ల అక్క. తమ్ముడికి ముఖం కడిగి, అన్నం పెట్టి, ఆ పిల్ల తన బడికి ఆలస్యంగానైనా వెళుతుంది, లేదా అసలే వెళ్లదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు హక్కన్న చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. తమ్ముడి పొద్దుటి పని ఆ హక్కును మెల్లగా కొరికేస్తుంది.

1975 అక్టోబరు 2న మొదలైన పథకం వల్ల పల్లెపల్లెకూ అంగన్‌వాడీ వచ్చింది. మంచిదే. కాని దాని తలుపు తెరిచేది పొద్దెక్కాక; తల్లి ఇల్లు వదిలేది చీకటితో. ఆ నడిమి మూడు గంటలకే దిక్కు లేదు. కోతల కాలంలోనైనా ఆ తలుపు ఆటో కంటే ముందు తెరిపిస్తే? తెరిచే టీచరమ్మకూ ఇంట్లో పిల్లలుంటారు కనుక, ఆ గంటలకు వేరే జీతమిచ్చి మరొకరిని పెడితే?

ఇదేమీ దేవాలయం కట్టినంత ఖర్చు కాదు. దేవుడికి సుప్రభాతం పాడటానికి నిత్యం ఒక మనిషిని నియమించుకున్న జాతికి, పసిబిడ్డను పేరు పెట్టి లేపడానికి ఒక మనిషి దొరకకపోడు.