తూకపు రాళ్లు అందరికీ ఒక్కటే కావాలి

తుమ్మలపల్లె అనగానే అందరికీ యురేనియం గని గుర్తుకొస్తుంది. ఆ చుట్టుపక్కల పల్లెల పిల్లలకు ఇప్పుడు మరో దారి కూడా ఉంది. 2008లో ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ వెలిసింది. పదో తరగతి మార్కులతో సీటు తెచ్చుకున్న పల్లె బిడ్డలు అక్కడ ఆరేళ్లు చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళుతున్నారు. చిక్కల్లా ఇంటర్వ్యూ దగ్గరే.

పేరు చూసే మన పిల్లల్ని పక్కన పెడతారని చాలామంది తల్లిదండ్రుల అనుమానం. అది ఉత్త అనుమానమే కాదు. ఒకే అర్హతలతో, వేర్వేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపి చూస్తే ముస్లిం పేర్లకు పిలుపులు బాగా తగ్గాయని 2007లో థోరట్, అటెవెల్ తేల్చారు. అయితే 2009లో వెలువడిన ఢిల్లీ పరిశోధనలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల పిలుపుల్లో అలాంటి తేడా కనిపించలేదు. కనుక ముందే నిరాశ పడనక్కరలేదు. పిలిచాక గదిలో ఏం జరుగుతుందన్నదే అసలు ప్రశ్న.

"మీ నాన్న ఏం చేస్తారు?" అని అడుగుతారు. తండ్రి గనిలో కూలీ అయినా, పరుపులు కుట్టినా కూతురు రాసే ప్రోగ్రాం తప్పయిపోతుందా? ఇక బోర్డు ముందు నిలబెట్టి, కళ్లప్పగించి చూస్తూ లెక్క చేయమనడం మరో పద్ధతి. అమెరికాలో 2020లో 48 మందితో ఇది పరీక్షించారు. ఎదుట ఒకరు చూస్తుంటే, ఒంటరిగా చేసినప్పటి కంటే ఫలితం సగానికి పైగా పడిపోయింది. అంటే అక్కడ కొలిచింది తెలివిని కాదు, బెదురును!

న్యాయమైన ఇంటర్వ్యూ కష్టమేమీ కాదు. అందరికీ అవే ప్రశ్నలు వేయాలి. దేనికెన్ని మార్కులో ముందే రాసుకోవాలి. ఉద్యోగంలో చేయబోయే పనిలోంచే ఒక ముక్క ఇచ్చి, ప్రశాంతంగా చేయనివ్వాలి. ఇద్దరు విడివిడిగా మార్కులు వేయాలి. ఇల్లు, పెళ్లి, బురఖా ఊసెత్తకూడదు.

విదేశీ కంపెనీలతో మాట్లాడాలంటే ఇంగ్లీషు కావాలి కదా అంటారు. కావాలి, నిజమే. దాన్ని వేరుగా పరీక్షించి వేరుగా మార్కులు వేయండి. ఇంగ్లీషులో తడబడిన పిల్లవాడికి ప్రోగ్రాం రాయడం రాదని తీర్పు చెప్పకండి.

తల్లిదండ్రులకూ ఒక మాట. ఆడపిల్ల కదా, ఇంటర్వ్యూకి అంత దూరం ఎందుకని ఆపకండి. నలుగురిలో మాట్లాడటం ఇంట్లోనే అలవాటు చేయండి.

మనం అడిగేది రాయితీ కాదు. తూకపు రాళ్లు అందరికీ ఒక్కటే ఉండాలని మాత్రమే. అంగట్లో తప్పుడు తూకాన్ని మోసమంటాం. మనుషుల్ని తూచేటప్పుడు మాత్రం అది మోసం కాకుండా పోతుందా?