క్రిమికి కపటం అంటగట్టేవారు

సూక్ష్మజీవులు మన శరీర రక్షణను పసిగట్టి, వేషం మార్చి, మనలను మోసగిస్తున్నాయని రాయడం జనరంజక శాస్త్రరచనలో పరిపాటి అయిపోయింది. అలంకారమే గదా, పోనిద్దురూ అంటారు కొందరు. పోనివ్వడానికి వీల్లేదు. ఆ అలంకారం చాటున ఒక తత్త్వం వుంది. అది భావవాదం.

వాస్తవమేమిటి? సెగవ్యాధిని కలిగించే గోనోకోకస్ ఒంటిమీద సన్నని తంతువులుంటాయి. వాటి సాయంతో అది మన కణాలను అంటిపెట్టుకుంటుంది. ఆ తంతువుల ప్రోటీను పేరు పిలిన్. దాన్ని తయారుచేసే జన్యువుకు తోడుగా, తమంతట పనిచేయని అసంపూర్ణపు ప్రతులు మరికొన్ని నిలవ వుంటాయి. ప్రయోగశాలలు విరివిగా పరిశీలించిన ఒక రకంలో యీ మూగప్రతులు 19. రెక్‌ఏ అనే మరో ప్రోటీను తోడ్పాటుతో వీటిలోని ముక్కలు పనిచేసే జన్యువులోకి నకలవుతాయి. మూగప్రతి చెక్కుచెదరదు, పిలిన్ మారుతుంది. పాత పిలిన్‌ను పట్టే ప్రతిరక్షకాలకు కొత్తది చిక్కదు.

ఇందులో కుట్ర ఎక్కడ? ప్రతిరక్షకాల జాడలేని గాజుపళ్ళెంలోనూ యీ మార్పు జరుగుతూనే వుంటుంది. కొన్ని మార్పులవల్ల అసలు తంతువులే పుట్టవు. కపటి అయినవాడు తన ఆయుధాన్ని తానే విరుచుకుంటాడా? మార్పు గుడ్డిది. ఏరివేత ఆ తరువాతిది. ఆ మూగప్రతుల నిలవ సైతం ప్రకృతివరణం తరతరాలుగా మిగిల్చిందే.

అవసరమే జీవిని మారుస్తుందన్న భ్రమ మన శిబిరానికీ కొత్తది కాదు. పరిసరాలు కోరినట్టల్లా వారసత్వం వంగుతుందన్న లైసెంకోకు 1948లో సోవియట్ ప్రభుత్వం పట్టం కట్టింది. కాదన్న జన్యుశాస్త్రజ్ఞులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. భౌతికవాదం పేరిట సాగిన ఆ భావవాదాన్ని అభ్యుదయవాదులు మరవరాదు.

క్రిమిని మాయావిని చేసేవారు చివరకు చేరేది నిరాశకే. దాన్ని గెలవడం మనవల్ల కాదు, టీకాలెందుకంటారు. పిలిన్ తంతువులతో చేసిన టీకా విఫలమైందని 1991లో వెల్లడైన మాట నిజమే. మారే ప్రోటీనునే గురిపెట్టడం దాని బలహీనత. కాని గోనోకోకస్‌కు దగ్గరి చుట్టమైన మెనింజైటిస్ బాక్టీరియా వెలిపొరనుంచి, అనేక ప్రోటీనులతో చేసిన టీకా సెగవ్యాధిని సుమారు 31 శాతం అడ్డినట్టు 2017లో న్యూజిలాండు పరిశోధకులు చూపారు. 2025 ఆగస్టులో ఇంగ్లండు ఆ తరహా టీకాను ముప్పు ఎక్కువగా వున్నవారికి ఇవ్వసాగింది. విజయం చిన్నదే. కాని మాయావి అనుకుని దణ్ణం పెట్టి కూచుంటే అదీ రాదు.

ఉపాధ్యాయులారా, విద్యార్థులారా! “క్రిమి మారదలచింది” అనే వాక్యం ఎక్కడ కనబడినా కొట్టివేయండి. “మారినవాటిలో కొన్ని మిగిలాయి” అని రాయండి. తలపు లేని చోట తలపును చూడడం మానినప్పుడే కారణాన్ని వెతకడం మొదలవుతుంది.