రెండు దీవుల నడుమ దూరమెంత?

దూరమంటే కిలోమీటర్ల లెక్క అని మనం చిన్ననాటనే నేర్చుకున్నాము. ఆ లెక్క ఎంత అసంపూర్ణమో తెలియాలంటే బంగాళాఖాతంలోని అండమాన్ నికోబార్ దీవుల పటాన్ని ఒకసారి పరికించాలి.

ఆ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్. 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడి విమానాశ్రయం నుంచి దక్షిణాన గ్రేట్ నికోబార్ దీవిలోని క్యాంప్‌బెల్ బే విమానస్థలికి ఆకాశమార్గాన సుమారు 530 కి.మీ. గంటకు 350 కి.మీ. వేగంతో పోయే చిన్న విమానానికి గంటన్నర ప్రయాణం. హైదరాబాదు నుంచి విశాఖపట్నం ఎంతో, ఇంచుమించు అంతే.

అయితే విశాఖకు పోదలచినవాడు రాత్రి రైలెక్కి తెల్లవారి దిగుతాడు. క్యాంప్‌బెల్ బే వాసికి ఆ భాగ్యం లేదు. అక్కడి విమానస్థలి నౌకాదళానిది. 2012 జూలై 31న ఐ.ఎన్.ఎస్. బాజ్ అన్న పేరుతో ప్రారంభమైననాడు దాని రన్‌వే పొడవు సుమారు వెయ్యి మీటర్లే. నడుమనున్న కార్ నికోబార్‌లోనిది వాయుసేన స్థావరం. హెలికాప్టరు ఉన్నది గాని, అందులో సీట్లు కొద్ది. కనుక సామాన్యునికి ఓడే గతి. పది డిగ్రీల జలసంధి దాటి, దారిలోని దీవులను తాకుతూ పోయే ఓడకు రెండు రోజులు పట్టవచ్చు. సముద్రం అలిగితే అదీ లేదు. ప్రసవవేదన పడే స్త్రీకి, పరీక్షకు హాజరు కావలసిన విద్యార్థికి మన గంటన్నర లెక్క దేనికి?

ఇది పరాయివారి కష్టమనుకోనక్కరలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు.

మన నగరానికీ ఆ దీవులతో పాత సంబంధమే ఉన్నది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీపై దాడి నడిపిన మౌల్వీ అలావుద్దీన్‌కు యావజ్జీవ ద్వీపాంతరవాసం విధించి అండమాన్‌కు పంపారు. అక్కడే ఆయన కన్నుమూశారు. (ఆయన సెల్యులర్ జైలులో మగ్గారని కొందరు వక్తలు చెప్పగా విన్నాను. ఆ జైలు కట్టడం మొదలైందే 1896లో. అప్పటికే ఆయన గతించారు.) వనస్థలిపురం నుంచి వచ్చి ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కే మన విద్యార్థులు ఇరవై నిమిషాలలో ఆ రెసిడెన్సీ చేరువకు పోగలరు. శంషాబాదు నుంచి పోర్ట్ బ్లెయిర్ 1,660 కి.మీ.; జెట్ విమానంలో రెండున్నర గంటలు. మౌల్వీ సాహెబుకు మాత్రం తిరుగు ప్రయాణమే లేకపోయింది. కిలోమీటర్లు ఆనాడూ ఈనాడూ ఒక్కటే. ఎవరికి ఏ వాహనం అందుతున్నది, ఎవరికి అందడం లేదన్నదే అసలు దూరమని నా అభిప్రాయం.

గ్రంథాలయంలోని అట్లాసు పక్కన అండమాన్ ఓడల వేళల పట్టిక ఒకటి గోడకు తగిలించవలసిందిగా కమిటీ పెద్దలకు నా మనవి.